ఎడమకాలి అమ్మమ్మలు

రెండు రోజుల్లో టీచరమ్మ చేతి మీదుగా డెబ్బై ఒక్కమంది అమ్మమ్మలు వెళ్ళారు. డెబ్బై ఒక్కరికీ ఎడమకాలే కుంటి. డెబ్బై ఒక్కరూ బొత్తాల డబ్బాలో పంచదార దాచారు. మెట్ల మీద వాళ్ళ కాలి చప్పుడు వినగానే మనవలందరికీ ధైర్యం వచ్చింది. ఒక్క పిల్లకైనా రెండు కాళ్ళూ సరిగ్గా ఉన్న అమ్మమ్మ లేదు. ఇదేం ఖర్మ అని ఎవరికైనా అనిపించాలి కదా, అనిపించదు. పరీక్ష పేపర్లు దిద్దే ఆ పెద్ద హాల్లో అరవై బల్లలున్నాయి. అరవై బల్లల మీదా అదే ముసలమ్మ కుంటుకుంటూ నడుస్తోంది. ప్రతి ఎర్ర పెన్నూ ఆమెకి పదిహేనుకి పదమూడు వేసి పక్కకు తోసేస్తోంది.

ఆ ముసలమ్మ కనబడ్డప్పుడల్లా టీచరమ్మ పళ్ళు నూరుకుంటుంది. ఎందుకంటే ఆ అమ్మమ్మ ఆమె సొంత అమ్మమ్మ.

టీచరమ్మకి యాభై ఆరేళ్ళు. పిల్లలు చాటున పెట్టుకున్న పేరు అగ్గిపెట్టె. మనిషి పొట్టి, కోపం ముక్కు మీదుంటుంది. భర్త వాచీలు బాగుచేస్తాడు. ఇంట్లో ఎన్ని అరుపులు వినబడినా కంటికి తగిలించుకున్న భూతద్దం తియ్యడు. "నీకు కోపం రాని రోజున ఒంట్లో బాగాలేదేమోనని కంగారుపడతానే" అంటాడు. ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఆమె కోపానికి అతనిచ్చిన మర్యాద అదొక్కటే.

నిజం చెప్పాలంటే ఆ కోపం ఆమె సొంతం కాదు, అమ్మమ్మది. తల్లి జ్వరంతో పోతే నాలుగేళ్ళ పిల్లని అమ్మమ్మే పెంచింది. ఆవిడ నూలు మిల్లులో పనిచేసేది. ఒకరోజు కండెల పెట్టె జారి కుడి పాదం మీద పడింది. కుడి పాదం, గుర్తుపెట్టుకోండి. అప్పటి నుంచి కుంటే. మూడో అంతస్తులో ఒంటిగది. సాయంత్రం మెట్ల మీద ఆ కాలి చప్పుడు వినబడగానే పిల్ల గబగబా పుస్తకం తెరిచేది. ఎందుకంటే భయం. అడుగు బరువుని బట్టి ఆ పూట తిట్లా, దెబ్బలా, ఊరుకోవడమా అన్నది ఇట్టే తెలిసిపోయేది. పంచదార బొత్తాల డబ్బాలో దాచేది, పిల్ల కాజేస్తుందని. ఎప్పుడూ దగ్గరకు తీసుకోలేదు. కానీ తెల్లారి షిఫ్టుకి వెళ్ళేముందు ఇస్త్రీపెట్టె వేడిచేసి, పిల్ల చల్లటి గౌనుని దానితో వెచ్చబెట్టి తొడిగేది. ఇదీ ఆ మనిషి.

టీచరమ్మకి ఉద్యోగం రాకముందు, పాతికేళ్ళ వయసులో, గైడ్లు అచ్చేసే ఆయన ఒకడు వచ్చాడు. పరీక్షలకి పనికొచ్చే వ్యాసాలు కావాలన్నాడు. "మీ ఇంట్లో మీకు ఇష్టమైన వ్యక్తి" అన్న అంశం ఇచ్చాడు. ఆమె వంటింటి గడప మీద కూర్చుని ఒక్క ఊపులో రాసేసింది. ఉన్నదున్నట్టు రాసింది. కుడికాలు, భయం, బొత్తాల డబ్బా, వెచ్చటి గౌను, అన్నీ.

అచ్చయి వచ్చాక చూస్తే కుడికాలు ఎడమకాలయింది. అచ్చక్షరాలు పేర్చే ఏ కంపోజిటరు నిద్రమత్తో! భయం ధైర్యమైంది. అది మాత్రం నిద్రమత్తు కాదు, గైడాయన చేతివాటం. "అమ్మమ్మంటే పిల్లలు భయపడతారని రాస్తే మార్కులు రావమ్మా" అన్నాడు. పంచదార మనవరాలి కోసం దాచిన పంచదారైంది. గౌను సంగతి ఎత్తేశాడు, చోటు చాల్లేదట. చివర తన సొంత తెలివితో "అమ్మమ్మ ప్రేమ వెలకట్టలేనిది, పెద్దలను గౌరవించుట మన విధి" అని తగిలించాడు. ఆమె ఆ గైడు తెచ్చి అమ్మమ్మకి చదివి వినిపించింది. ముసలావిడ మొత్తం విని, "ఎవరే ఈ ముసలిది? ఇంత మంచిదాన్ని నేనెప్పుడయ్యాను? కాలు కూడా నాది కాదు" అని అటు తిరిగి పడుకుంది.

అప్పుడిద్దరూ నవ్వుకున్నారు. ఆ గైడు ముప్ఫై ఏళ్ళు బతుకుతుందని వాళ్ళకేం తెలుసు!

ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది టీచరమ్మ క్లాసులో గైడ్లు మూయించింది. "మీ ఇల్లు, మీ మనుషులు, మీ మాటలు. మీరే రాయండి" అంది. పిల్లలు రాశారు. ఒకడు వాళ్ళ తాత గురకని రెండు పేజీలు రాశాడు. ఆ రోజులు తలుచుకుంటే ఆమెకి ఇప్పటికీ కడుపు నిండుతుంది. ఏడాది చివర పదకొండుమంది తప్పారు. తాత గురక రాసినవాడి తల్లి స్టాఫ్ రూముకొచ్చి గుమ్మంలోనే నిలబడింది.

"మీరు నిజం రాయమన్నారట. వాడు రాశాడు. ఇప్పుడు వాడి ఏడాది మీరిస్తారా?" అని అడిగింది. అరవలేదు, ఏడవలేదు. అడిగి వెళ్ళిపోయింది. అరిచి ఉంటే టీచరమ్మ తిరిగి అరిచేది, పోట్లాటలో ఎలాగో గెలిచేది. మరుసటి ఏడాది బోర్డు మీద గైడు వ్యాసమే రాసి అందరిచేతా బట్టీ పట్టించింది. తన అమ్మమ్మని తనే ఎడమకాలి మీద నడిపించింది. పిల్లలందరూ పాసయ్యారు. ఉత్తమ ఉపాధ్యాయురాలని ఒక కాగితం కూడా ఇచ్చారు. దాన్ని బీరువాలో బట్టల కింద అడుగున వేసింది, చిరక్కుండా ఉండటానికి కాదు, కనబడకుండా ఉండటానికి.

ఇక ఈ హాలు సంగతి. దిద్దేవాళ్ళందరికీ పైనుంచి ఒక మార్కుల చీటీ వస్తుంది, కీ అంటారు దాన్ని. పరిచయానికి రెండు, రూపవర్ణనకి మూడు, ప్రేమాభిమానాలకి అయిదు, నీతికి మూడు, ముగింపుకి రెండు. రూపవర్ణన పక్కన చిన్న అక్షరాల్లో "ముసలితనం, ఎడమకాలు మొదలైనవి" అని ఉంటుంది. ఏ మహానుభావుడో అందరు పిల్లలూ రాస్తున్నారు కాబట్టి అదే సరైన జవాబనుకుని చీటీలో ఎక్కించాడు. పోయినేడు ఎవరో ఒక పిల్లాడు పొరపాటున కుడికాలని రాస్తే అతనికి అర మార్కు తగ్గించారు. ఆ మాట విన్నరోజు టీచరమ్మ ఇంటికెళ్ళి అన్నం తినలేదు.

రెండో రోజు మధ్యాహ్నం, డెబ్బై రెండో పేపరు తీసింది. వ్యాసం దగ్గరికి వచ్చేసరికి అలవాటుగా పదమూడు వేయబోయి ఆగింది. అమ్మమ్మ లేదు.

"మా ఇంట్లో నాకు ఇష్టమైన మనిషి ఎవరూ లేరు" అని మొదలైంది. "ప్రశ్నలో ఉన్నారన్నట్టు రాశారు కాబట్టి వెతికాను. అందరికంటే తక్కువ అయిష్టం మా పిన్ని మీద. అమ్మ వెళ్ళిపోయాక నాన్న ఆమెని చేసుకున్నాడు. ఆమెకి నా మీద ప్రేమ లేదు. ఉన్నట్టు నటించదు. అదే నాకు నచ్చింది. ఇంటికొచ్చిన చుట్టాలందరూ జాలిగా నా తల నిమురుతారు. పిన్ని నిమరదు. చిక్కు తీస్తుంది. గట్టిగా లాగుతుంది, నొప్పి పుడుతుంది. కానీ మా క్లాసులో సాయంత్రం దాకా ఊడని జడ నాదొక్కటే.

"ఒకసారి ఆమె గిన్నెలు తోముతూ ఏడ్చింది. నేను చూశాను. నేను చూశానని ఆమె చూసింది. నేను వెళ్ళి తోమిన గిన్నెలు తుడిచాను. ఆ రోజు మేమిద్దరం ఒక ఇంటి వాళ్ళమనిపించింది. పెద్దయ్యాక నేను పిన్నిలా ఉండను. కానీ ఆమె అబద్ధం ఆడదు. అది మాత్రం నేర్చుకుంటాను."

అంతే. ఒకటిన్నర పేజీ. టీచరమ్మ రెండుసార్లు చదివింది. మూడోసారి చదవబోతే అక్షరాలు అలుక్కుపోయాయి. ఆ పిల్ల ఎవరో తెలియదు, పేరుండదు, నంబరే ఉంటుంది. కానీ ఆ వంటింట్లో ఆ తడి గిన్నెల పక్కన తను నిలబడి వచ్చినట్టుంది. పద్నాలుగు వేసింది. పదిహేను ఎందుకు వేయలేదని తర్వాత తనని తనే తిట్టుకుంది.

మిగతా పేపరు చూస్తే బట్టీ పట్టాల్సినవన్నీ ఆ అమ్మాయికి అంతంత మాత్రమే. అన్నీ కలిపితే ఇరవై తొమ్మిది. పాసవ్వాలంటే ముప్ఫై అయిదు రావాలి. వ్యాసంతో నలభై మూడు. హమ్మయ్య, గట్టెక్కింది.

పదమూడు దాటిన వ్యాసాన్ని దిద్దేవాళ్ళందరి మీదా ఉండే చీఫ్ చూడాలని రూలు. చీఫ్ ఎవరో కాదు, ఒకప్పుడు టీచరమ్మ క్లాసులో మూడో వరసలో కూర్చున్నవాడే. ఇప్పుడు బట్టతల, మెడలో కార్డు. వచ్చి పేపరు తిరగేశాడు.

"మేడమ్, ఈ పద్నాలుగేంటండీ?"

"పదమూడు తర్వాత వచ్చేది."

"అబ్బా, అది కాదండీ. కీ చూడండి. రూపవర్ణన ఏది? వయసు రాయలేదు, ఆకారం రాయలేదు. ప్రేమాభిమానాలకి అయిదు మార్కులుంటే, ఈ అమ్మాయి ప్రేమే లేదని రాసింది. నీతి అసలే లేదు."

"చదివావా?"

"చూశానండీ."

"చూడటం కాదు నాయనా, చదివావా అంటున్నాను."

అతను పేపరు పక్క బల్లకి ఇచ్చాడు. తేడా వస్తే రెండో మనిషి దిద్దాలి, రెండో మార్కే లెక్క. పక్క బల్ల మాస్టారిని హాలంతా రబ్బరు స్టాంపు అంటారు, ఆయనకీ ఆ సంగతి తెలుసు, బాధపడడు. ఆయన వేలితో గీతల వెంట పోతూ అమ్మమ్మ కోసం వెతికాడు. దొరకలేదు. నాలుగు వేశాడు. గ్లాసుడు మంచినీళ్ళు తాగడానికి ఇంకొంచెం ఎక్కువ సేపు పడుతుంది.

"పరిచయానికి రెండూ, ముగింపుకి రెండూ ఇచ్చానమ్మా. జాలిపడే ఇచ్చాను" అన్నాడు.

ఇరవై తొమ్మిదీ నాలుగూ ముప్ఫై మూడు. ఫెయిలు.

టీచరమ్మకి అరికాలి మంట నెత్తికెక్కింది. లేచి నిలబడింది, కుర్చీ వెనక్కి పడింది. "ఈ ఎడమకాలు ఎవరిదో తెలుసా మీకు?" అని అరిచింది. అరవై పెన్నులూ ఆగాయి. "మా అమ్మమ్మది! ఆ వ్యాసం నేను రాశాను. పాతికేళ్ళప్పుడు, మా వంటింటి గడప మీద కూర్చుని రాశాను. అది ఎడమకాలు కాదు, కుడికాలు! అచ్చులో తప్పు పడింది. ఆ తప్పుకి మీరు ముప్ఫై ఏళ్ళుగా మూడేసి మార్కులు వేస్తున్నారు!"

ఎక్కడో మూల ఎవరో కిసుక్కుమన్నారు. అంతే, హాలంతా పకపకలు.

"ఊరుకోండమ్మా, అది ఎవరో పాత కాలపు పెద్దాయన రాసింది" అన్నాడు రబ్బరు స్టాంపు. "మా నాన్నగారు కూడా చెప్పేవారు. అయినా కుడికాలని రాస్తే మీకైనా అర మార్కు పోతుంది."

మళ్ళీ నవ్వులు. ఆయన తప్పేముంది, బతికున్న మనిషి మాట కన్నా అచ్చయిన కాగితం గట్టిదని నమ్మే జాతి. ఒక్కడు, ఒక్కడైనా లేచి ఆ పిల్ల రాసింది ఏంటో చదువుదామండీ అనలేదు. చదవడానికే జీతాలు తీసుకునే అరవైమంది!

చీఫ్ ఆమెని మెల్లగా పక్క గదిలోకి తీసుకెళ్ళాడు. గాలిపోయిన బంతులు, విరిగిన బెంచీలు పడేసిన గది. తలుపు దగ్గరగా వేశాడు.

"మేడమ్, మీరే రాశారంటే నేను నమ్ముతాను. అందరి ముందూ అలా అనకండి, నవ్వులపాలవుతారు."

"నా సంగతి వదిలెయ్. ఆ పిల్ల ఏం తప్పు చేసింది?"

"తప్పు చేసిందని ఎవరన్నారు? కీలో లేదు. మీరే కదండీ మాకు నేర్పింది."

"నేనేం నేర్పాను?"

అతను నవ్వడానికి ప్రయత్నించాడు. "తొమ్మిదో క్లాసులో నేను మా నాన్న గురించి రాశాను మేడమ్. మీరు పేజీ మొత్తానికీ అడ్డంగా గీత కొట్టారు. గైడు చూసి పదిసార్లు రాసుకురమ్మన్నారు. రాశాను. మీ మీద కోపమేం లేదండీ. మీవల్లే పాసయ్యాను. ఈ ఉద్యోగం కూడా మీ చలవే."

టీచరమ్మ విరిగిన బెంచీ మీద కూలబడింది. ఏళ్ళ తరబడి ఎంతమంది నాన్నల మీద గీత కొట్టిందో! ఈ పిల్లాడి నోటు పుస్తకం కూడా ఆమెకి గుర్తులేదు. ఇన్నాళ్ళూ గైడాయన్ని తిట్టింది, కంపోజిటర్ని తిట్టింది, చీటీ రాసినవాణ్ణి తిట్టింది. తిట్టాల్సిన మనిషి తన చీరే కట్టుకుని తిరుగుతోంది.

"మీ నాన్న గురించి ఏం రాశావు?" అని అడిగింది.

అతను ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు, నుదురు ముడుచుకుని, పైకి చూసి.

"గుర్తులేదు మేడమ్" అన్నాడు. "గైడు మాత్రం ఇప్పుడు చెప్పమన్నా చెప్తాను."

ఆ మాట తగిలినంత గట్టిగా ఆమెకి జీవితంలో అమ్మమ్మ దెబ్బ కూడా తగల్లేదు.

అతనే మళ్ళీ అన్నాడు. "ఒక పని చేద్దాం. వ్యాసానికి నాలుగే ఉండనివ్వండి. ఉత్తరం ప్రశ్నకి మీరు ఎనిమిది వేశారు, పది చెయ్యండి. ఉత్తరంలో చిరునామా, తేదీ, సంబోధన అన్నీ పద్ధతిగా ఉన్నాయి, ఎవరూ అడగరు. ముప్ఫై అయిదు అయిపోతుంది. అమ్మాయి పాసు. మీకూ తృప్తి."

ఆమెకి ఒళ్ళు మండిపోయింది. సెలవు కావాలని హెడ్మాస్టరుకి రాసే ఆ ఉత్తరం! ప్రతి పేపర్లోనూ అదే జ్వరం, అవే మూడు రోజులు. ఆ పిల్ల సొంత మాట ఒక్కటీ లేని ఆ ఉత్తరానికి నూటికి నూరు. ప్రాణం పెట్టి రాసిన ఒకటిన్నర పేజీకి నాలుగు. రేపు ఆ మార్కులు చూసుకుని ఆ పిల్లకి ఏం అర్థమవుతుంది? ఇంకెప్పుడైనా పిన్ని గురించి రాస్తుందా? వద్దని చెప్పేయాలనిపించింది. కానీ వద్దంటే ఫెయిలు. స్టాఫ్ రూము గుమ్మంలో నిలబడ్డ ఆ తల్లి గుర్తొచ్చింది. ఆ ఇంట్లో పిల్లకి ఒక ఏడాది పోతే పిన్ని ఏమంటుందో, నాన్న చదువు మానిపిస్తాడో, ఎవరు చూడొచ్చారు? టీచరమ్మ కోపానికి పిల్ల ఏడాది ఖర్చు పెట్టడానికి టీచరమ్మ ఎవరు?

బల్ల దగ్గరికి వచ్చింది. ఎనిమిది కొట్టేసి పది వేసింది. ఎర్ర పెన్ను కాగితంలోకి దిగబడింది. ముప్ఫై అయిదు. పక్కన పొట్టి సంతకం పెట్టింది. పని అయిపోయింది.

అయిపోయిందనుకున్న చీఫ్ పేపరు కోసం చెయ్యి చాపాడు. ఆమె ఇవ్వలేదు. వ్యాసం ఉన్న పేజీకి తిప్పి, పక్కనున్న ఖాళీ చోట రాయడం మొదలుపెట్టింది. ఆ చోట అంకె తప్ప అక్షరం ఉండకూడదు. అది ఆ హాల్లో అన్నిటికన్నా పెద్ద నేరం, దిద్దేవాళ్ళు ఎవరో పిల్లలకి తెలియకూడదు కదా. ఫలితాలొచ్చాక అర్జీ పెట్టుకున్న పిల్లలకి పేపరు నకలు పంపిస్తారు. ఎవరూ పెట్టుకోరు. ఈ పిల్ల పెట్టుకుంటుందని ఆమెకెందుకో గట్టి నమ్మకం.

"అమ్మాయీ, దీనికి నేను పద్నాలుగు వేశాను. మీ పిన్ని నాకు కనబడింది. ఎవరెన్ని మార్కులు వేసినా నువ్వు ఇలాగే రాయి" అని రాసింది. అడుగున తన పేరు పూర్తిగా, బడి పేరుతో సహా రాసింది. అప్పుడు పేపరు అతని చేతిలో పెట్టింది.

అతను చదివాడు. ఈసారి చూడలేదు, చదివాడు.

"ఏం పని చేశారు మేడమ్ ఇది! నంబరు వేసిన పేపరు, చింపడానికి కూడా లేదు. నేను పైకి రిపోర్టు రాయాలి. విచారణ వేస్తారు. మీకు ఇంకా రెండేళ్ళ సర్వీసుంది, పెన్షను..."

"పిల్ల మార్కులకేమైనా అవుతుందా?"

"మార్కులకేం కాదు. మీకే."

"అయితే రాయి" అంది టీచరమ్మ. పెన్నుకి మూత పెట్టి సంచీ భుజాన వేసుకుంది. "రాయి నాయనా. కనీసం నా మీద రిపోర్టైనా సొంతంగా రాయి."

అతను తల దించుకున్నాడు. "దానికి ఫారం ఉంది మేడమ్" అన్నాడు.

బ్యాగులోంచి తీశాడు. అందులో నేరం కూడా ముందే అచ్చయి ఉంది. ఖాళీగా ఉన్నది ఒక పేరు పట్టేంత చోటు. అతను అక్కడ ఆమె పేరు రాసి, కింద సంతకం పెట్టమని పెన్ను ఆమెకే ఇచ్చాడు.